ఉల్లికాడలు ఎలా తరగాలి: చక్రాలా, ఏటవాలా, అంగుళం ముక్కలా?

పోలిపాడ్యమి నాడు తెల్లారకుండానే గోదాట్లో అరటిదొప్పల దీపాలు వదిలేసి వచ్చాక, మా వైపు చాలా ఇళ్ళల్లో మళ్ళీ ఉల్లి తెగుతుంది. కార్తీకం నెల్లాళ్ళూ ఉల్లీ వెల్లుల్లీ ముట్టనివాళ్ళకి ఆ రోజు బజారులో పచ్చగా కనిపించే ఉల్లికాడల కట్టలు చూస్తే చెయ్యి ఆగదు. ఒకటి చాలనుకుని వెళ్ళి మూడు తెచ్చేస్తాం. తెచ్చి, కడిగి, కత్తిపీట ముందు కూచున్నాక అసలు సందేహం మొదలవుతుంది. ఎంత సన్నగా తరగాలి? తెల్లదీ పచ్చదీ కలిపెయ్యాలా, వేరుచెయ్యాలా? కత్తిపీటా, చాకా, కత్తెరా?

వంట చెప్పేవాళ్ళు చాలామంది "ఉల్లికాడలు సన్నగా తరిగి పెట్టుకోండి" అని ఒక్క మాటతో దాటేస్తారు. ఆ మాట అట్లకి, గుడ్డుకి సరిపోతుంది. పులుసుకీ, శనగపిండి కూరకీ, రొయ్యలకీ సరిపోదు. మన గోదావరి ఇళ్ళల్లో ఉల్లికాడలతో ఎక్కువగా చేసేవి ఆ మూడే కాబట్టి, నన్నడిగితే మనకి ఎక్కువసార్లు కావలసింది సన్న తరుగు కాదు, అంగుళం ముక్క. ఎందుకో ఒక్కొక్కటే చెబుతాను. మీ ఇంట్లో ఆ రోజు వండేది ఏంటో చూసుకుని ఎంచుకోండి.

## ఒక కాడలో రెండు కూరగాయలు

ఉల్లికాడని ఒకే వస్తువు అనుకుంటే తరుగు దగ్గరే తప్పుతాం. కింద తెల్లగా, గట్టిగా, పొరలుపొరలుగా ఉండే తల ఒకటి. పైన పచ్చగా, బోలుగా, లోపల జిగురుతో ఉండే ఆకు ఇంకొకటి. తల ఉల్లిపాయలాగే నూనెలో మగ్గాలి, దానికి నాలుగైదు నిమిషాలు కావాలి. ఆకుకి ఒకటి రెండు నిమిషాలు చాలు, ఎక్కువైతే నీరుకారి నూలుపోగులా అయిపోతుంది. రెండింటి మధ్య లేతపచ్చగా ఉండే రెండంగుళాలు ఎటైనా సర్దుకుంటాయి. నేను దాన్ని తలతోపాటే వేస్తాను.

అంచేత ఏ కోత ఎంచుకున్నా, తలలు ఒక గిన్నెలోకి, ఆకులు ఇంకో గిన్నెలోకి వెయ్యడం మాత్రం మానకండి. ఒక్క పచ్చడికి తప్ప దీనికి మినహాయింపు లేదు. రోట్లో నూరేదానికి ఎలాగూ రెండూ ఒకటే.

## ఎంపికకి ముందు చూసుకోవలసినవి

నీరు. ముక్క ఎంత చిన్నదైతే అన్ని కోతలు, అన్ని కోతల్లోంచీ నీరు. ఉప్పు పడగానే ఆ నీరంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. పొడి కూరకి ఇది చేటు. అట్టులో కలిసేదానికైతే పెద్ద ఇబ్బంది లేదు.

ఘాటు. కాడ తెగనంతవరకూ దానికి పెద్దగా ఘాటుండదు. కత్తి దిగి కణాలు చిట్లాక, అప్పటిదాకా విడివిడిగా ఉన్న గంధకపు పదార్థాలూ, వాటిని విరిచే ఎంజైమూ కలుస్తాయి. ముక్కుకెక్కే ఘాటూ, కంటి మంటా అందులోంచి పుట్టేవే. సన్నగా తరిగి అలా వదిలేసిన కాడలు అందుకే అంత ఘాటెక్కుతాయి. వేడి తగిలితే ఆ ఎంజైము పని ఆగిపోతుంది. కొయ్యకుండా నిండుగా నూనెలో పడ్డ తల తియ్యగా మిగిలేది ఇందుకే.

రంగు. పచ్చదనం నిలవాలంటే ఆకు చివర్లో పడాలి, మూత ఉండకూడదు. చింతపండు పులుపులో ఎక్కువసేపు ఉడికితే ఆకులోని పత్రహరితం తన మెగ్నీషియాన్ని పోగొట్టుకుని మట్టిరంగు కలిసిన ఆకుపచ్చకి తిరుగుతుంది. రుచికి లోటు లేదు గానీ చూపుకి నీరసంగా ఉంటుంది.

ముద్దలో కలిసే తీరు. మనం చేత్తో కలుపుకుని తింటాం. రెండంగుళాల ఆకు అన్నంలో కలవదు, ముద్దలోంచి వేలాడుతుంది. పిల్లలకీ, పళ్ళు సరిగా లేని పెద్దవాళ్ళకీ ఆ పొడుగు ఆకు గొంతులో అడ్డంపడొచ్చు. కోత ఎంచుకునేటప్పుడు తినేవాళ్ళని కూడా తలుచుకోవాలి.

చేతిలో ఉన్న సమయం. పొద్దున్న ఆరింటికి మూడు క్యారేజీలు కట్టాలంటే ఏటవాలు కోతల అందం చూసుకునే తీరిక ఉండదు.

## తరగడానికి ముందు

ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న లంకల్లో వరద తీశాక కూరగాయలు వేస్తారు. ఒండ్రు మట్టి అది, పిండిలాంటి మట్టి, సన్న ఇసక కలిసినది. మా వీధిలోకొచ్చే కట్టల్లో ఆ మట్టి ఎక్కడుంటుందో తెలుసా? పైన కాదు. ఆకులు చీలే మెడ దగ్గర, ఒకదాన్నొకటి కప్పుకున్న పొరల సందులో. కుళాయి కింద పెట్టి పైపైన కడిగితే అది కదలదు. అన్నంలో ముద్ద పళ్ళకింద కరకరమన్నప్పుడు గుర్తొస్తుంది.

కట్టకున్న తాడు విప్పి, వేళ్ళు కొయ్యండి. తల అడుగున ఉండే చిన్న బిళ్ళ మొత్తం కోసెయ్యకుండా, వేళ్ళ మొదలు మట్టుకు తీస్తే తల పొరలు విడిపోకుండా నిలబడతాయి. బయటి పల్చటి పొర ఒకటి లాగెయ్యాలి. ఆకు కొసలు పసుపు తిరిగినంతమేర తుంచెయ్యాలి. మధ్యలో లావుగా, గట్టిగా, కొసన మొగ్గతో నిలబడ్డ పూకాడ ఉంటే వంచి చూడండి. టప్పున విరిగితే లేతది, వాడుకోవచ్చు. వంగి విరక్కపోతే పీచు, పక్కన పెట్టెయ్యండి. ఆకు మీద సన్న కంతగానీ, తెల్లగా పారదర్శకంగా తినేసిన చారగానీ కనిపిస్తే ఆ గొట్టాన్ని గోటితో చీల్చి చూడాలి. లోపల పచ్చపురుగు ఉండొచ్చు.

తర్వాత వెడల్పాటి పళ్ళెంలాంటి గిన్నెలో నిండా నీళ్ళు పోసి, కాడలు ముంచి, మెడల దగ్గర వేళ్ళతో విడదీస్తూ ఝాడించండి. రెండు నిమిషాలు వదిలేసి కాడల్ని పైకి తియ్యండి. నీళ్ళు వంపెయ్యకండి. వంపితే అడుగుకి దిగిన మట్టి మళ్ళీ కాడలమీదికే వస్తుంది. గిన్నె అడుగున వేలు పెట్టి రాస్తే ఇసక తగలనంతవరకూ నీళ్ళు మార్చాలి. నాకు సాధారణంగా మూడుసార్లు పడుతుంది. తుఫాను వానల తర్వాత వచ్చిన కట్టలకి నాలుగు.

కడిగాక నూలుగుడ్డ మీద పరిచి పది నిమిషాలు ఆరనివ్వాలి. తడి కాడ కత్తికింద జారుతుంది, నూనెలో చిటపటలాడుతుంది, మగ్గాల్సింది పోయి ఉడుకుతుంది. తరిగాక కడగడం మాత్రం ఎప్పుడూ వద్దు. బోలు ఆకు ముక్కల్లోకి నీళ్ళు దూరితే ఎంత పిండినా పోవు.

## ఏ కోత దేనికి

### అంగుళం ముక్క

పులుసుకీ, రొయ్యలకీ ఇదే.

నేను కొత్తగా కాపరానికొచ్చిన రోజుల్లో ఒకసారి ఉల్లికాడల పులుసు పెడుతూ, శ్రద్ధ చూపించుకుందామని కాడలన్నీ గోరంత సన్నగా తరిగాను. మా అత్తగారు పళ్ళెం చూసి, "అలాక్కాదమ్మాయ్, అట్టులోకా ఏంటి?" అన్నారు. నేను వినలేదు. పులుసు దిగేసరికి అందులో ఉల్లికాడల జాడ లేదు. పచ్చటి నలకలు తేలుతున్న చింతపండు రసం మాత్రం ఉంది. మర్నాడు ఆవిడే కూచుని చూపించారు. కత్తిపీట చెక్కని కుడికాలితో నొక్కిపెట్టి, ఏడెనిమిది కాడలు రెండు చేతుల్తో బిగించి పట్టుకుని, బొటనవేలి మొదటి కణుపుని కొలతగా పెట్టుకుని నెడుతుంటే ముక్కలన్నీ ఒకే పొడుగున పళ్ళెంలో పడుతున్నాయి. తలలు వచ్చేసరికి చెయ్యి ఆపి, ఒక్కోదాన్ని కత్తిమొనకి ఆనించి నెత్తిన సగందాకా నాలుగు పక్షాలుగా చీల్చారు, గుత్తివంకాయకి పెట్టినట్టు. తలని నిండుగానే ఉంచారు.

ఆ నాలుగు పక్షాల గాటులోనే కిటుకుంది. నిండు తల నూనెలో రంగు మారేదాకా మగ్గి తియ్యబడుతుంది, గాటులోంచి పులుసు లోపలికి దిగుతుంది. తిన్నప్పుడు చిన్నుల్లిపాయ కొరికినట్టుంటుంది. పులుసులో వేసే చిన్న బెల్లం ముక్కకి ఈ తీపి తోడవుతుంది. ఆకు ముక్కలు పులుసు చిక్కబడ్డాక, దింపడానికి మూడు నాలుగు నిమిషాల ముందు వేస్తే చాలు.

పచ్చిరొయ్యలకి కూడా అంగుళమే, కానీ వేరే కారణానికి. రొయ్య త్వరగా ఉడుకుతుంది. వంకర తిరిగి ఎర్రబడ్డాక ఇంకా పొయ్యిమీద ఉంచితే రబ్బరవుతుంది. ఉల్లికాడ కూడా అంత తొందరగానే దిగాలి. అంగుళం ఆకు ముక్క రొయ్య సైజుకి సరిపోతుంది, ముద్దలో రెండూ కలిసి వస్తాయి. ముందు తలలు నూనెలో వేయించి, ఉప్పూ పసుపూ పట్టించిన రొయ్యలు వేసి, వాటి నీరు ఇగిరాక కారం, ఆఖర్న ఆకు. ఎండురొయ్యలకీ, మెత్తళ్ళకీ ఇదే వరస. కాకపోతే వాటికి ఉప్పు తగ్గించాలి.

ఈ కోతలో ఉన్న చిక్కు ఒక్కటే, ముదురు ఆకు. ముదురు కాడల్ని అంగుళం పొడుగున కోస్తే పీచు తెలుస్తుంది. కట్ట లేతగా లేకపోతే అరంగుళానికి దిగిపోండి.

### అరంగుళం ముక్క

శనగపిండి వేసే పొడి కూరకీ, పప్పుకీ.

శనగపిండి కూర విషయంలో నాకు గట్టి నమ్మకం కుదిరింది ఒక పరీక్ష వల్ల. ఒకే కట్టని రెండుగా పంచి, సగం సన్నగా, సగం అరంగుళంగా తరిగి, రెండు మూకుళ్ళలో పక్కపక్కనే వండాను. పోపు అదే, ఉప్పు అంతే. సన్న తరుగు వేసిన మూకుట్లో మూడు నిమిషాల్లో అడుగంతా నీరు నిలిచింది. అందులో మూడు చెంచాల పిండి చల్లితే జారుగా ముద్దై మూకుడికి అంటుకుంది. అరంగుళం ముక్కల మూకుట్లో నీరు వస్తూనే ఇగిరిపోయింది. పిండి ఒక్కో ముక్కకీ పొడిపొడిగా పట్టుకుని, వేగాక రవ్వలా రాలింది. ఒకటి కూర, ఇంకొకటి అంబలి. అప్పట్నుంచి ఈ కూరకి సన్న తరుగు జోలికి పోలేదు.

పప్పుకైతే కందిపప్పు విడిగా ఉడికించి, మెత్తగా ఎనిపాక, తలలు పోపులో మగ్గించి, ఆకులు అప్పుడు కలపండి. కుక్కర్లో పప్పుతోపాటే వేసి కూతలు వేయిస్తే ఆకు ఆనవాలు మిగలదు, వాసన మాత్రం ఇల్లంతా ఉంటుంది.

### సన్న చక్రాలు

గుడ్డు పొరటు, ఆమ్లెట్టు, పెసరట్టు, దిబ్బరొట్టె పిండి, ఫ్రైడ్‌రైస్, నూడుల్స్. వీటికి సన్న చక్రాలే. గోరు మందం మించకూడదు.

పెసరట్టు మీద చల్లేదైతే ఇంకా సన్నగా ఉండాలి. పెద్ద ముక్క ఉన్నచోట అట్టు పెనానికి అంటదు, తిరగేసేటప్పుడు అక్కడే చిరుగుతుంది. గుడ్డు పొరటుకి తలలు ముందు వేయించి, గుడ్డు కొట్టి, అది సగం గట్టిపడ్డాక ఆకు చక్రాలు వెయ్యాలి. ముందే వేస్తే వాటి నీటికి పొరటు పలుకుల్లా రాకుండా ముద్దవుతుంది. ఫ్రైడ్‌రైస్‌కి ఆకు పొయ్యి ఆపేశాకే. అన్నం వేడికి అది మెత్తబడేది చాలు.

ఈ కోతకి కత్తి పదును ముఖ్యం. మొద్దు కత్తి బోలు ఆకుని కొయ్యదు, నలిపేస్తుంది. నలిగిన చోట జిగురు కారి చక్రాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అరగంటలో నల్లబడతాయి. పలక మీద పచ్చటి తడి మరక మిగిలిందంటే మీ కత్తికి సాన కావాలని అర్థం.

పచ్చిగా చల్లుకోవాలనుకుంటే, అంటే పెరుగు పచ్చడిలోకో, ఉప్మా మీదకో, వడ్డించే ముందే తరగండి. గంటముందు తరిగి పెట్టినది పెరుగుని మించిపోయేంత ఘాటెక్కుతుంది. ఘాటు పడనివాళ్ళుంటే ఆకు భాగం మాత్రమే వాడి, తలలు వేరే కూరకి దాచండి.

### ఏటవాలు కోత

కత్తిని వాలుగా పెట్టి కోస్తే ముక్క కోలగా వస్తుంది, కోసిన ముఖం వెడల్పవుతుంది. మసాలా ఎక్కువగా పడుతుంది, తొందరగా మగ్గుతుంది, పళ్ళెంలో బాగుంటుంది. చైనీస్ బళ్ళవాళ్ళు ఇలా కోసేది అందుకే. పెద్ద మంట మీద నిమిషంలో అయిపోయే వేపుళ్ళకి సరైనది.

ఇంటి పులుసులకీ పప్పులకీ దీనివల్ల ఒరిగేదేం లేదు. అందం ఎలాగూ ఉడుకులో పోతుంది. చుట్టాలొచ్చినరోజు కోడివేపుడు మీద చల్లడానికి గుప్పెడు కోసుకోండి, మిగతాది మామూలుగా కానివ్వండి.

### నిలువు చీలికలు

కాడని రెండంగుళాల పొడుగున కోసి, ఆకుని నిలువుగా చీల్చడం. పకోడీకి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. పోగుల్లాంటి ముక్కలకి పిండి పల్చగా పట్టుకుని, నూనెలో విచ్చుకుని గుల్లగా వేగుతాయి. ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచి, వచ్చిన తడితోనే శనగపిండీ కాస్త వరిపిండీ కలపాలి. నీళ్ళు చెయ్యి తడుపుకునేంత మాత్రమే. చక్రాలతో పకోడీ వేస్తే ఉండల్లా వచ్చి లోపల పచ్చిపిండి మిగులుతుంది.

చీలికల్ని చల్లటి నీళ్ళలో వేస్తే ఉంగరాలు తిరుగుతాయి. పైన అలంకరణకి బాగుంటాయి. ఇంతకుమించి వీటితో పనిలేదు.

## ఒక్క చూపులో

| వంటకం | తల | ఆకు | ఆకు ఎప్పుడు |
|---|---|---|---|
| పులుసు | నిండుగా, నాలుగు పక్షాల గాటు | అంగుళం | దింపే ముందు 3–4 నిమిషాలు |
| పచ్చిరొయ్యలు, ఎండురొయ్యలు | రెండు ముక్కలు | అంగుళం | రొయ్యల నీరు ఇగిరి, కారం పడ్డాక |
| శనగపిండి కూర | నాలుగు ముక్కలు | అరంగుళం | తల మెత్తబడ్డాక, పిండికి ముందు |
| పప్పు | సన్నగా | అరంగుళం | ఎనిపిన పప్పులో, చివర్న |
| గుడ్డు పొరటు | సన్నగా | సన్న చక్రాలు | గుడ్డు సగం గట్టిపడ్డాక |
| పెసరట్టు | వాడకపోయినా ఫర్వాలేదు | చాలా సన్న చక్రాలు | పిండి పరిచిన వెంటనే |
| ఫ్రైడ్‌రైస్, నూడుల్స్ | సన్నగా | చక్రాలు లేదా ఏటవాలు | పొయ్యి ఆపేశాక |
| పకోడీ | నిలువుగా పల్చగా | నిలువు చీలికలు | పిండిలోనే |
| రోటిపచ్చడి | ఎలాగైనా | రెండంగుళాలు | తలతోపాటు వేయించి |

## కత్తిపీటా, చాకా, కత్తెరా

ఎక్కువ మొత్తానికి కత్తిపీటకి సాటిలేదు. కత్తి కదలదు, రెండు చేతులూ కాడల మీదే ఉంటాయి, కట్ట చెదరదు. ఐదు కట్టలు అంగుళం ముక్కలు కొయ్యడానికి నాకు పది నిమిషాలు పట్టదు. ఇబ్బంది మోకాళ్ళకి. కింద కూచోలేనివాళ్ళని బలవంతంగా కూచోబెట్టేంత ఘనత దానికేం లేదు. చంటిపిల్లలు తిరిగే ఇంట్లో పని కాగానే కత్తి మడిచే రకమైతే మడిచి, లేకపోతే పక్కకి వాల్చి ఎత్తున పెట్టెయ్యాలి. ఇనప కత్తి అయితే కడిగి, తుడిచి, చుక్క నూనె రాసి దాచండి. తడిగా వదిలేస్తే రాత్రికే తుప్పు పట్టి, మర్నాటి కాడలకి నల్లటి చార అంటిస్తుంది.

చాకూ, పలకా ఉంటే సన్న చక్రాలకీ, ఏటవాలు కోతకీ నయం. కాడలన్నిటి తలలూ ఒక వరసకి తెచ్చి, మధ్యలో రబ్బరుబ్యాండు వేసి, ఎడంచేతి వేళ్ళు లోపలికి ముడిచి పట్టుకుని కొయ్యండి. కత్తిని పైనుంచి నొక్కకూడదు, ముందుకి జరుపుతూ దించాలి. నొక్కితే గొట్టం చదునై నలుగుతుంది.

కత్తెరని తక్కువగా చూడకండి. పచ్చ ఆకుకి అది చాలా మంచి సాధనం. గిన్నెమీదో, పెనంమీదో నేరుగా కత్తిరించుకోవచ్చు, పలక కడిగే పని లేదు. తలలకి మాత్రం పనికిరాదు, జారిపోతాయి. వంటింటికంటూ విడిగా ఒక కత్తెర ఉండాలి, కుట్టుమిషను డ్రాయర్లోది కాదు.

తాడు లాగే ప్లాస్టిక్ చాపర్‌ని ఈ పనికి నేను సిఫారసు చెయ్యను. పొడుగాటి ఆకులు బ్లేడుకి చుట్టుకుంటాయి. కొంత నలిగి ముద్దవుతుంది, కొంత అసలు తెగదు. తలలు మాత్రమే వేసి రెండుసార్లు లాగితే పొరటుకి సరిపడా వస్తాయి, అంతవరకే. మిక్సీ అయితే పచ్చడికి తప్ప దగ్గరికి రానివ్వకండి.

## ఎవరికి ఏది

పొద్దున్నే క్యారేజీలు కట్టేవాళ్ళు. రాత్రి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తలలు మాత్రం కోసి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఆకులు కొయ్యకుండా పొడిగుడ్డలో చుట్టి పెట్టి, పొద్దున్న కత్తెరతో కత్తిరించండి. ఆకు రాత్రే కోసి పెడితే డబ్బా తెరవగానే వచ్చే వాసన పక్కనున్న పాలకి కూడా పడుతుంది. క్యారేజీకి పులుసు కంటే శనగపిండి కూర మేలు, కారదు, మధ్యాహ్నానికి కూడా పొడిగానే ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళూ, చిన్నపిల్లలూ ఉంటే. పులుసైనా సరే ఆకు అరంగుళం దాటనివ్వకండి. తలలు నిండుగా వెయ్యకుండా నాలుగు ముక్కలు చెయ్యండి, నిండు తల బయటికి చల్లారినట్టున్నా లోపల మరుగుతూనే ఉంటుంది. రుచిలో కాస్త తేడా వస్తుంది. నిండు తల తీపి పోతుంది. ఆ నష్టం భరించదగ్గదే. కావాలంటే రెండు మూడు నిండు తలలు వేసి, అవి మీరు తినండి.

హాస్టలు గదిలో, ఇండక్షన్ పొయ్యి మీద వండుకునే పిల్లలు. భీమవరంలోనో కాకినాడలోనో చదువుకుంటూ ఇంటి వంటకి మొహంవాచిన వాళ్ళకి ఒక కట్టా, నాలుగు గుడ్లూ, ఒక కత్తెరా చాలు. తలలు చాకుతో ఎలా వస్తే అలా కోసి వేయించండి, గుడ్డు కొట్టండి, ఆకు పైనుంచి కత్తిరించండి. పది నిమిషాల పని. ఈ వంటలో ముక్కలు ఒకే సైజులో లేవని బెంగపడక్కర్లేదు.

పాతికా ముప్ఫైమందికి వండేవాళ్ళు. ఉల్లికాడ వేగితే సగానికి సగం దిగిపోతుంది, కట్టలు లెక్కవేసేటప్పుడు ఇది మర్చిపోవద్దు. కట్ట విప్పకుండా కొయ్యాలని చెయ్యి లాగుతుంది, అలా చేస్తే మట్టి లోపలే ఉంటుంది. విప్పి, కడిగి, మళ్ళీ కట్టి, కత్తిపీట మీద అంగుళానికి కొయ్యండి. పెద్ద గుండిగలో ఆకు తన వేడికే మగ్గుతూ ఉంటుంది కాబట్టి, ఇంట్లోకంటే ఒక నిమిషం ముందే పొయ్యి ఆపాలి.

నాలుగిళ్ళ దూరంలో బజారు లేనివాళ్ళు. వారానికోసారి సంతకి వెళ్ళి తెచ్చుకుంటే, కడక్కుండా, మట్టి దులిపి, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టండి. ఐదారు రోజులు ఉంటాయి. ఫ్రిజ్ లేకపోతే గ్లాసులో రెండంగుళాల నీళ్ళు పోసి వేళ్ళతోసహా నిలబెట్టి, రోజూ నీళ్ళు మార్చండి. తరిగి ఫ్రీజర్లో పెట్టినవి కరిగాక మెత్తబడతాయి. పప్పుకీ పులుసుకీ పనికొస్తాయి, అట్టుకీ పొరటుకీ కావు.

## వేళ్ళ ముక్కలు

వేళ్ళతోపాటు ఒక అంగుళం తల మిగిలేట్టు నాలుగైదు కాడలు కోసి పక్కన పెట్టండి, లేతవి కాకుండా కాస్త గట్టివి చూసి. డాబామీద పాత బకెట్టుకి అడుగున కంతలు పెట్టి, లంక మట్టో, కడియం వైపు నర్సరీలో దొరికే ఎరువు కలిపిన మట్టో నింపి, వేళ్ళు కిందికి, కోసిన ముఖం మట్టికి కాస్త పైకి ఉండేట్టు గుచ్చండి. రోజూ చెంబుడు నీళ్ళు, నిలవకుండా. మూడో రోజుకల్లా కోసిన ముఖం మధ్యలోంచి లేతపచ్చ మొన తొంగిచూస్తుంది. జానెడు పెరిగాక పైనుంచి ఆకు మాత్రం కత్తెరతో తీసుకోవచ్చు, రెండంగుళాలు వదిలి. అలా రెండు మూడుసార్లు వస్తాయి, తర్వాత ఆకు సన్నబడిపోతుంది. పులుసుకి సరిపోయేంత రాదుగానీ, ఆదివారం పెసరట్టు మీదికి సరిపోతుంది.